కడప కారం జవాబివ్వదు

మే 5, సోమవారం

నేటి నుంచి పదిహేను రోజులు ఫేస్‌బుక్‌లో ఎవరికీ జవాబివ్వను. ఒట్టు.

కారణం: నిన్న ఫోన్ చూస్తూ అన్నం మాడబెట్టాను. కువైట్ వచ్చి, ముబారక్ అల్ కబీర్‌లో ఈ ఇంట్లో పనికి చేరి రెండేళ్లయింది. ఇంటావిడను ఇక్కడ మామా అని పిలుస్తాం. ఆమె ఎప్పుడూ గొంతు పెంచలేదు. నిన్న పెంచింది. "మునిలక్ష్మీ, పనివేళ ఇంకొక్కసారి ఫోన్ చేతిలో కనబడితే జూన్‌లో ఊరికి పోవడానికి సెలవు లేదు."

రెండేళ్లుగా నా కొడుకు సూర్యకిరణ్‌ను వీడియోలోనే చూస్తున్నాను. వాడికి పదకొండు నిండాయి. గొంతు కూడా నేను లేకుండానే మారేటట్టుంది.

నియమాలు:
1. "కువైట్‌లో కడపోళ్లు" గ్రూపు చూడవచ్చు. రాయకూడదు.
2. అందులో నా దొంగ పేరు "కడప కారం". కారం డబ్బాకు మూత పెట్టేశాను.
3. "చురకత్తి" అనేవాడు మా పార్టీని ఏమన్నా నవ్వుకోవాలి.

సాయంత్రం 6: మా నాయకుడిని తిట్టాడు. నవ్వుకున్నాను. ఇంత సులువని తెలిస్తే ఏడాది కిందటే మొదలుపెట్టేదాన్ని.

మే 6, మంగళవారం

ఉదయం 10: నాలుగు బాత్రూములు కడిగాను. ఫోన్ ముట్టలేదు. మనసు తేలిగ్గా ఉంది.

సాయంత్రం 4: రోజూ మా మాటల వేళ. సూర్యకిరణ్ మామిడికాయ కోసుకొచ్చి కెమెరాకు ఆనించాడు. వాడి ముఖం కనబడలేదు, కాయే కనబడింది.

7: "కడప కారం పారిపోయింది" అని పెట్టాడు చురకత్తి. నలభై మూడు మంది నవ్వారు. పారిపోవడం వేరు, ఊరుకోవడం వేరు. ఆ ముక్క చెబితే అది వివరణ అవుతుంది గానీ జవాబు కాదు. వివరణ ఇచ్చాను. మా పార్టీ చేసిన అభివృద్ధి గురించి కూడా రెండు ముక్కలు వివరించాను.

మే 7, బుధవారం

ఉదయం 9: చురకత్తి రాశాడు. "అభివృధి కాదబ్బా, అభివృద్ధి. ముందు ఒత్తులు నేర్చుకోని రాపో."

నేను చదివింది ఏడో తరగతి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాను, అందుకే. కాదు, ఏడుపే.

నియమం మార్చాను. జవాబు రాయవచ్చు, గ్రూపులో పెట్టకూడదు. ముందు మేనమామ చిన్నపుల్లయ్యకు పంపి దిద్దించుకుంటాను. ఆయన ఇక్కడే అర్దియాలో డ్రైవరు, పదో తరగతి పాసయ్యాడు. తప్పులు దిద్దించుకోవడం చదువు కిందికి వస్తుంది.

మే 8, గురువారం

ఉదయం 11: రాశాను. "ఐదేళ్లు మీకు ఊడిగం చేసింది చాలు. తిని పడుకోవడం తప్ప మీరు చేసిందేముంది? ఈసారి మిమ్మల్ని ఇంటికి పంపేది ఖాయం." మామకు పంపాను.

11:02: రెండు నీలం టిక్కులు. మామ ఇంత తొందరగా ఎప్పుడూ చూడడు.

11:03: నా ఫోన్‌లో మేనమామ పేరు "మామ". ఇంటావిడ పేరు "మామా". మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘం. అయిపోయాను.

11:15: మామా వంటింట్లోకి వచ్చింది. తెలుగును అరబ్బీలోకి మార్చి ఆమె ఫోన్ గట్టిగా చదువుతోంది. మూడుసార్లు చదివించింది.

"నువ్వొచ్చి రెండేళ్లే. ఐదేళ్లంటావేం?" అంది. "నేను తిని పడుకుంటానా?" అంది. "ఇది నా ఇల్లే కదా, నన్ను ఏ ఇంటికి పంపుతావు?" అంది. చివరికి, "నువ్వే పో. ఖలాస్. మళ్లీ రావద్దు" అంది.

మామకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఏం పని జేసినావే ముండమోపీ" అని నాకు తెలుగులో, "ఎలక్షన్ మేడమ్, ఎలక్షన్" అని ఆమెకు అన్ని భాషల్లో చెప్పాడు. పదిసార్లు చెప్పాడు.

అప్పుడు మామా కుర్చీ లాక్కుని, అది ఎవరికి రాశానో, వాడు నన్నేమన్నాడో చెప్పమంది. ఒత్తు సంగతి చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. జమియా సూపర్‌మార్కెట్ మేనేజరు మంచివాడా కాదా అని వీధి గ్రూపులో ఆమె కూడా మూడు రోజులుగా ఆడపడుచుతో కొట్లాడుతోందట.

"వదలొద్దు వాణ్ణి" అంది. జూన్ రెండు నుంచి సెలవు ఇచ్చింది. వాడి కోసం ఒక అరబ్బీ మాట కూడా నేర్పింది. ఇక్కడ రాయలేను.

మే 9, శుక్రవారం

శుక్రవారాలు మధ్యాహ్నం నుంచి నాకు సెలవు. నాలుగింటికి సూర్యకిరణ్‌కు తేదీ చెప్పాలి.

3:52: చురకత్తి ఏదో పెట్టాడు. ఒక్కటే జవాబు. మామా మాట కాదనకూడదు.

4:10: ఇంకొక్కటి.

4:35: మిగతావాళ్లు కూడా దిగారు. అందరికీ తలా ఒకటి.

5:25: అరబ్బీ మాట వాడాను. చురకత్తి నన్ను బ్లాక్ చేశాడు. గెలిచాను!

5:26: ఆరు మిస్డ్ కాల్స్. ఆరూ సూర్యకిరణ్‌వే. జవాబులకు అడ్డొస్తున్నాయని చూడకుండానే పక్కకు తోసేసినట్టున్నాను.

వెంటనే చేశాను. "జూన్ రెండుకి వస్తాండా నాయనా" అన్నాను. వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

"మా, ఫేస్‌బుక్‌లో ఐడీ ఎట్ల పెట్టేది?" అన్నాడు.

"నీకెందుకురా?"

"నేను గూడా వేరే పేరు పెట్టుకోని నిన్ను తిడతా. అప్పుడన్నా పలుకుతావు గదా."

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మే 10, శనివారం

నేటి నుంచి పదిహేను రోజులు ఫేస్‌బుక్‌లో ఎవరికీ జవాబివ్వను. మొదటి రోజు.

3:58: చురకత్తి బ్లాక్ తీసేసినట్టున్నాడు. నా పేరు పెట్టి ఏదో రాశాడు. సగమే కనబడుతోంది. మిగతా సగం చూడాలంటే నొక్కాలి.

3:59: వేలు దాని మీదే ఉంది.

4:00: సూర్యకిరణ్ ఫోన్. ఎత్తాను.