అవ్వ తిన్న ముద్ద

మే 2003, ఆదివారం రాత్రి, మేడ్చల్

మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే సర్పంచ్ కాక పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. "బిడ్డా, నువ్వు సింగపూర్ల సార్స్ వార్డుల నర్సువు. మొన్ననే వస్తివి. జర కొన్ని దినాలు మీ ద్రాక్షతోట రూముల ఉండు. ఊరంత పరేషాన్ అయితాంది" అన్నాడు.

నేను తగ్గలేదు. జ్వరం లేని మనిషి నుంచి ఆ రోగం అంటుకోదని, అక్కడ పరీక్ష చేసే పంపారని గట్టిగా వాదించాను. ఎవరూ నమ్మలేదు.

అప్పుడు అవ్వ వచ్చి నా కంచంలోని ఎంగిలి ముద్ద తీసి, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. "తిన్న, సూసిండ్రా? నా మనుమరాలికి రోగముంటే నాకూ రానీ. ఇగ పోండ్రి!"

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎంత పొంగిపోయానో!

సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోంది. ఎండదెబ్బే అయ్యుండాలి. కానీ వార్డులో నా పక్కన పనిచేసిన అమ్మాయి కూడా మొదట నిద్ర చాలక వచ్చిన జ్వరమే అంది, మూడో రోజుకి అదే వార్డులో రోగి అయ్యింది...

మాస్కు కట్టుకుని గడియ పెట్టుకున్నాను. ఇందాక అవ్వ తలుపు కొట్టింది.

"మజ్జిగ తెచ్చిన. తియ్యవే."

"అక్కడ పెట్టి పో అవ్వా."

"వాళ్లు పోయిండ్రు గదనే, ఇంకెవలికి భయం?"

పోలేదు. గడప అవతలే కొంగు పరుచుకుని పడుకుంది. ఊపిరి వినిపిస్తోంది, చెవి తలుపుకు ఆనించి వింటున్నాను.

తెల్లారగానే తోటకు పోతానని కాకకు నేనే చెబుతాను. అది కష్టం కాదు. కానీ ఆ ముద్ద తిన్నందుకు అవ్వ కూడా రావాలని ఏ నోటితో చెప్పను?