కారు నేర్పే అమ్మాయి

వదినా,

ఆదివారం వస్తామన్న ఆ సంబంధం వాళ్ళను రావద్దని చెప్పు. అబ్బాయికి వంక పెట్టడం లేదు. కారు నేర్చుకోవడానికి ఇన్నాళ్ళా అని అన్నయ్య ఎగతాళి చేస్తున్నాడటగా! నాకు ఎప్పుడో వచ్చేసింది. నేర్పే అమ్మాయి కోసమే వెళ్తున్నాను.

తను పదో తరగతితో చదువు మానేసింది. నాకు నోరు ఆగదు. తను నోరు తెరిస్తే తిట్టడానికే. "కాలేజీ పిల్లా, క్లచ్ మీంచి కాలు తియ్యి. అదేమన్నా నీ పుట్టిల్లా?" అంటుంది. ఆ తిట్టు కోసమే నేను కాలు తీయను.

నిన్న కబుర్లలో పడి, రానట్టు నటించడం మరిచిపోయి, రెండు కార్ల మధ్య సందులోకి బండిని ఒక్క ఊపున వెనక్కి పెట్టేశాను. తను ఇంజను ఆపేసింది.

"వచ్చేసింది కదే నీకు! ఇంక రేపట్నుంచి దేనికి రావడం?"

"నీ కోసం," అన్నాను.

తను పక్క అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "అయితే రేపు నేను నడుపుతా. నువ్వు నోరు మూసుకుని పక్కన కూర్చో," అంది.

ఇవాళ కూర్చున్నాను. ఊరు దాటాక, గేరు మార్చిన తన చెయ్యి తిరిగి స్టీరింగు మీదకి వెళ్ళకుండా నా చేతి మీద ఆగింది.

అమ్మకు ఏం చెబుతావో నీ ఇష్టం వదినా. నాకు ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పకు. ఇంత బాగా నేనెప్పుడూ లేను.

నీ ఆడపడుచు