డెస్మండ్ కూర

కొల్లాపూర్,
28 జనవరి 2024

ప్రియమైన బాపుకు,

గిరి దండాలు. నీకు చదువు రాదు కాబట్టి ఈ ఉత్తరాన్ని బీరన్న బావ చదివి వినిపిస్తాడు. బావా, జొన్నపిండి మూటతో పాటు ఈ కాగితం కూడా నీ పూచీయే. నాకు కోపం వచ్చిన చోట గొంతు తగ్గించకు. ఒక్క ముక్క కూడా దాటేయకు.

నల్లమల అంచున మందకు మేత బాగానే దొరుకుతోందనీ, అక్కడ ఫోను పలకదనీ బావ చెప్పాడు. పలికినా నువ్వు నాతో మాట్లాడవు. దసరా నాడు బీరప్ప పటం పక్కన నేను పెట్టుకున్న డెస్మండ్ ఫోటోను పీకి, "గీ నల్లోడు మనకు చుట్టమా, దేవుడా?" అని బయటికి విసిరావు. నేనూ నోటికొచ్చినట్టు వాగాను. అప్పటి నుంచి మూడు నెలలు. నువ్వు మంద తోలుకుని వెళ్లిపోయావు, నేను ఇక్కడ హోటల్లో బిర్యానీ గంజుల ముందు ఉడుకుతున్నాను.

డెస్మండ్ ఎవరో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. మూడేళ్లు నేను ఓడ మీద పని చేశానని ఊరంతటికీ చెప్పుకున్నావు కదా, ఆ ఓడ వంటింట్లో నాకు పని నేర్పినవాడు ఆయన. సముద్రం నడుమ జమైకా అనే దీవి ఉంది, ఆయనది ఆ ఊరు. పది తప్పి, గిన్నెలు కడగడానికి పోయిన నన్ను వంటవాణ్ణి చేసి పంపింది ఆయనే.

నిన్న ఏం జరిగిందో చెప్తాను. నెలలో నాలుగో శనివారం బడిలో పిల్లలకు బ్యాగులుండవు. ఆ రోజు పని వచ్చినవాళ్లను పిలిచి పిల్లలకు ఏదో ఒకటి చూపిస్తారు. ఓడ ముచ్చట్లు చెప్పమని హెడ్మాస్టర్ మేడం నన్ను పిలిచింది. ఏడో తరగతి, ముప్ఫై రెండు మంది. దీవుల గురించి, అక్కడి వాళ్లు అన్నంలో కొబ్బరిపాలు, అలసందలు వేసి వండుకోవడం గురించి చెప్పాను. బాగా విన్నారు. తర్వాత ఫోనులో డెస్మండ్ ఫోటో చూపించాను. అంతే, గది గదంతా ఒకటే నవ్వు. నిరోష అనే పిల్ల, తరగతిలో మొదటి ర్యాంకట, లేచి నిలబడి, "సార్, ఈయన అడివిల ఉంటడా? బట్టలు ఫోటో కోసం ఏసుకున్నడా?" అంది. నేను చాక్‌పీసు నేలకేసి కొట్టి బయటికి వచ్చేశాను. మేడం వెనక నుంచి పిలుస్తున్నా ఆగలేదు.

రాత్రంతా కోపం దిగలేదు. ఆ కోపం పిల్లల మీద కాదని తెల్లారేసరికి తెలిసింది. ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్తాను, విను.

ఓడ ఎక్కిన కొత్తలో డెస్మండ్ ముట్టిన గంటెను నేను కడుక్కుని వాడేవాణ్ణి. ఆయన చూడనప్పుడు గబగబా నీళ్ల కింద పెట్టేవాణ్ణి. రెండు నెలలు అట్లాగే చేశాను. ఒకరోజు ఆయన చూశాడు. మర్నాటి నుంచి నాకు గంటె ఇవ్వాల్సి వస్తే, తనే కడిగి, తుడిచి, నా చేతికిచ్చేవాడు. బాపూ, ఆయన కొట్టినా బాగుండేది. తర్వాత నాకు జ్వరం వచ్చి లేవలేకపోతే, మన తెలుగువాళ్లు గది మారిపోయారు. ఆయన పని దిగి వచ్చి, కొబ్బరిపాల గంజి పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

ఆ గంటె కడగడం నాకు ఎవరు నేర్పారు? ఓడ నేర్పలేదు. మన ఇల్లే నేర్పింది. మన మంద వెంట ఇరవై ఏళ్లుగా నడుస్తున్న సైదులు మామకు అవ్వ చూరు కింద వేరే గ్లాసు పెట్టేది. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నేను చూసి నేర్చుకున్నాను.

అందుకే వచ్చే నాలుగో శనివారం ఆ పిల్లలతోనే డెస్మండ్ కూర, ఆయన నాకు నేర్పిన వాళ్ల ఊరి కూర, వండిస్తాను. పొద్దున ఫోన్ చేసి అడిగితే మేడం ఒప్పుకుంది. దానికి మేక మాంసమే కావాలి, ఇక్కడ అంగట్లో మటనంటే పొట్టేలే. మందలోంచి ఒక మేకపోతును పంపు. పంపకపోతే నీ ఇష్టం. కూర తిన్నాక కూడా వాళ్లు ఆయనను చూసి నవ్వితే నేను ఈ ఊళ్లో ఉండను. ఓడ ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు. మళ్లీ ఎక్కేస్తాను.

నీ కొడుకు,
గిరి


కొల్లాపూర్,
25 ఫిబ్రవరి 2024

బాపూ,

మేకపోతు అందింది. బీరన్న బావ బండి మీద దాన్ని ముందర కూర్చోబెట్టుకుని వస్తుంటే బస్టాండంతా చూసింది. "పిల్లల కోసం పంపిండు, ఆ నల్లోని కోసం కాదని చెప్పమన్నడు" అని బావ నీ మాట అప్పజెప్పాడు. సరే. మాటైనా పంపావు, అదే చాలు.

నిన్న పొద్దున్నే బడికి పోయాను. నవ్విన పిల్లలే అలసందలు ఏరారు, కొబ్బరి తురిమి పాలు పిండారు. ఆ కూరలో వేసే ఒక ఆకు వాసన చూపించి ఇది ఏమిటో చెప్పమంటే, "మా అవ్వ కడుపునొప్పికి పెట్టే వామాకు వాసన" అన్నారు. అది వేరే ఆకు అన్నా ఒప్పుకోరు. డెస్మండ్ ఇచ్చిన విత్తనాలతో హోటల్ వెనక డబ్బాలో పెంచిన మిరపకాయలు తీసుకుపోయాను. గుమ్మడికాయ బొమ్మల్లా ఉంటాయి, మన మిరప వాటి ముందు పాలకూర. ఆ కాయను చీల్చకుండా నిండు కాయగానే కూరలో వదలాలి. వాసన దిగుతుంది, మంట దిగదు. పగిలితే మాత్రం ఎవడూ తినలేడు. ఆ కూరలో ఉన్న పనితనమంతా అదే.

ఆ సంగతి పిల్లలకు చెప్పాను. నర్సింగమ్మకు చెప్పలేదు. బడిలో పదిహేనేళ్లుగా మధ్యాహ్నం అన్నం వండే మనిషి ఆమె. నేను అన్నం గంజు దగ్గరికి పోయి వచ్చేలోపు, తేలుతున్న నాలుగు కాయలను గంటెతో గంజు అంచుకు నొక్కి మెత్తగా మెదిపేసింది. పైగా రెండు పిడికిళ్ల కారప్పొడి వేసింది.

"నీకెవరు చెప్పిండ్రు?" అని అరిచాను.

"మిరపకాయలను ఈత కొట్టనీకి ఏసినవా బిడ్డా? కోసుడు మర్చిపోయినవనుకున్న. ఎర్రగ లేకుంటే పిల్లలు మటనని నమ్ముతరా?" అంది.

"ఇది నీ పప్పుచారు కాదు. తెల్వకుంటే దూరం ఉండు" అన్నాను. ముప్ఫై రెండు మంది ముందు, అమ్మ వయసు మనిషిని. ఆమె గంటె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. పిల్లలు నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే డెస్మండ్ వీడియో కాల్ వచ్చింది. నేనే చేయమన్నాను. ఓడ మీద అప్పుడు నడిరేయి దాటింది, డ్యూటీ దిగి నిద్ర ఆపుకుని కూర్చున్నాడు. ఫోను గంజు మీదికి తిప్పాను. ఆ ఎరుపు చూసి ఆయన పడీపడీ నవ్వాడు. కాయ పగలగొట్టింది ఎవరు అని అడిగాడు. చెప్పాను. ఆమెను పిలువు, వంట మనిషి లేకుండా నేను ఎవరితో మాట్లాడాలి అన్నాడు.

నేను కదలలేదు. నిరోష పోయి నర్సింగమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆమె ఫోను ముందు తల మీద కొంగు కప్పుకుంది. డెస్మండ్ దండం పెట్టి, చిన్నప్పుడు తానూ ఇట్లాగే కాయ పగలగొట్టాననీ, వాళ్లమ్మ ఆ కూరంతా తనతోనే తినిపించిందనీ చెప్పాడు. పిల్లలు తమకు వచ్చిన ఇంగ్లిషుతో అర్థమైనంత ఆమెకు తెలుగులో చెప్పారు. "మీ అమ్మ మంచి పని చేసింది నాయినా. గీ గిరిగానితోని కూడ అట్లనే తినిపియ్యాలె" అంది ఆమె. అది ఆయనకు చెప్పడానికి నలుగురు పిల్లలు పోటీ పడ్డారు.

ఇంక నా అవసరం లేకపోయింది. ఒకరి మీద ఒకరు పడుతూ వాళ్లే అడిగారు. ఆయన నాయిన గుట్ట మీద మేకలు కాస్తాడని తెలిసి, ఎట్లా పిలుస్తాడు అన్నారు. ఆయన గొంతు ఎత్తి పిలిచాడు. మన పిల్లలూ మన పిలుపు పిలిచారు. పక్క తరగతి వాళ్లు కిటికీల్లోకి వచ్చారు.

కాల్ పెట్టేశాక నిరోష నన్ను అడిగింది, "సార్, మొదటి రోజు ఆయనతోని ఏం మాట్లాడిండ్రు?" అని. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఏం మాట్లాడలేదు. ఆయన ముట్టిన గంటె కడుక్కున్నాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నిరోష మాత్రం, "మరి ఆయనకు సారీ చెప్పిండ్రా?" అంది. చెప్పలేదు బాపూ. ఆరేళ్లయింది, ఇంకా చెప్పలేదు.

కూర ఎవరూ సరిగ్గా తినలేకపోయారు. కళ్లల్లో, ముక్కుల్లో నీళ్లు. కొబ్బరి అన్నం కలుపుకుని కలుపుకుని మింగారు. నర్సింగమ్మకు మొదటి ముద్ద నేనే పెట్టాను. తిని, "ఇంకో కాయ పడాల్సుండె" అంది. పోయేటప్పుడు ఒక పిల్ల, సబ్బుతో కడిగితే ఆయన రంగు పోతుందా అని అడిగింది. పోదు, పోవాల్సిన పని లేదు అన్నాను. ఎంత అర్థమైందో తెలియదు. ఒక్క కూరతో అంతా మారుతుందని నేను నమ్మను. నేనే ఇంకా మారలేదు, నిన్న నర్సింగమ్మను అన్న మాటలే సాక్ష్యం.

సాయంత్రం డెస్మండ్‌కు ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఎప్పుడు చెప్తావా అనుకున్నాను" అన్నాడు. ఏజెంటు ఫోను మోగింది, ఎత్తలేదు. ఎత్తుతానో లేదో కూడా తెలియదు.

నీ కొడుకు,
గిరి


అమ్రాబాద్ దిక్కు,
6 మార్చి 2024

బిడ్డ గిరికి,

మీ బాపు చెప్తుంటే బీరన్న రాస్తుండు. నీ ఉత్తరాలు రెండూ చదివిచ్చుకున్న. నువ్వొక్కటి మర్చిపోయినవ్ బిడ్డా. సైదులు నాతోనే ఉన్నడు. మందకాడ చదివితే మంద ఎంబడి ఉన్నోళ్లందరు ఇంటరు. గ్లాసు ముచ్చట కాడ బీరన్న ఆగిండు. ఏదీ దాటెయ్యొద్దని నువ్వే రాస్తివి గదా, సైదులే "చదువు" అన్నడు. చదివినంక ఆయన లేచి మేకల దిక్కు పోయిండు. మాపటికి గాని రాలే. ఆయన రాకముందు నేను ముద్ద ముట్టలే. నీ లెక్క నాకు మాటలు రావు. వచ్చినంక ఇద్దరం ఒక్క తాంబాళంల తిన్నం.

రెండో ఉత్తరం ఇన్నంక సైదులే ఒక మాట తీసిండు. ఇక్కడ ఏడు మేకపిల్లలకు మూతుల మీద పుండ్లయినయి. పాలు చీకుతలేవు. ఉప్పు నీళ్లు, పసుపు పెట్టినం, తగ్గుతలేదు. గా డెస్మండ్ వాళ్ల నాయిన గుట్ట మీద మేకలు కాస్తడని రాసినవ్ గదా. ఆయన మేకపిల్లలకు గిట్లయితే ఏం పెడతడో అడుగుమన్నడు సైదులు. నేను కూడ అడుగుమంటున్న.

పెద్దమనిషి, మర్యాదగ అడుగు. జవాబు బీరన్న చేతికియ్యి, జల్ది. పిల్లలు దినదినం సన్నవడుతున్నయి.

మీ బాపు,
మల్లప్ప