పిచ్చుకల గదిలో ఎర్ర లైటు

సెప్టెంబర్ 3
ప్రకటన వచ్చింది. మా రంగంలో అందరూ పెద్దాయన అని పిలిచే ప్రొఫెసర్ ల్యాబ్‌లో ఒకే ఒక్క పోస్ట్‌డాక్ ఉద్యోగం. రుతువు మారిందని పక్షికి ఎలా తెలుస్తుంది, అదీ విషయం. నా కోసమే రాసినట్టుంది. ఆరేళ్లుగా నేను చేస్తున్నదే అది. పిచ్చుకలను చీకటి గదుల్లో పెట్టడం, లైట్లతో వాటి పగలు పెంచడం, తగ్గించడం, వసంతం వచ్చిందని వాటికి ఎప్పుడు అనిపిస్తుందో చూడడం. డిసెంబరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది. ముప్పై ఏడు నిండుతాయి. ఇది రాకపోతే నన్నింకెవరు పిలుస్తారు?

అత్తగారికి ఫోన్లో చెబితే, పిట్టలకు మేత వేయడానికి ఇంత చదువెందుకమ్మా అన్నారు. ఆవిడ అడిగిందీ న్యాయమే.

సెప్టెంబర్ 4
ఎలకపిల్ల కూడా అప్లై చేస్తోందట.

సెప్టెంబర్ 4, సాయంత్రం
ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఎలకపిల్ల అంటే జూన్‌లో మా ల్యాబ్‌లో చేరిన అమ్మాయి. ఎలుకల ల్యాబ్ నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను, మనసులో. వచ్చిన నెలకే మా ల్యాబ్ నడిపే మేడమ్‌ను బుట్టలో వేసుకుంది. సెమినార్‌లో స్లయిడ్ల వైపు చూడనైనా చూడదు, నవ్వుతూ గడగడా చెప్పుకుపోతుంది. నేను అదే మాట చెబితే అందరూ ఫోన్లు చూసుకుంటారు.

అక్కా అక్కా అంటూ నా వెనకే తిరుగుతుంది. అడక్కుండానే టీ తెచ్చి పెడుతుంది. ఇదంతా నటన అనుకున్నాను మొదట్లో. కాదు, నిజంగానే మంచిపిల్ల. నా కడుపుమంటంతా అదే. చెడ్డదైతే హాయిగా తిట్టుకుని పడుకునేదాన్ని.

మా ల్యాబ్ నుంచి ఒక్క పేరే పంపమన్నారట పెద్దాయన. ఇద్దరి ప్రయోగాలూ చూసి నవంబరులో చెబుతానన్నారు మేడమ్.

సెప్టెంబర్ 11
రాయాలా వద్దా? రాస్తాను.

మా పిచ్చుకలకు రాత్రి మన మధ్యాహ్నమే మొదలవుతుంది. మేం డ్యూటీలో ఉండగానే వాటి చీకటి వేళ రావాలని టైమర్లు అలా పెట్టుకున్నాం. ఈ రోజు భోజనం చేసి కారిడార్‌లో వస్తుంటే ఎలకపిల్ల తన పిట్టల గదిలోంచి బయటికి వచ్చింది. నుదుటికి ఎర్ర లైటు కట్టుకుని ఉంది.

ఎలుకల వాళ్లందరికీ అది అలవాటే. ఎలుకకు ఎరుపు కనిపించదు, ఆ లైటు వెలుగుతున్నా దానికి చీకటే. పిట్ట సంగతి వేరు. ఎర్ర కాంతి దాని పుర్రెలోంచి దూరి నేరుగా మెదడుకు తగులుతుంది. శీతాకాలంలో ఉన్నాననుకుంటున్న పిట్టకు చీకట్లో రోజూ కాసేపు అది తగిలితే చాలు, వసంతం వచ్చేసిందనుకుంటుంది. ప్రయోగం గంగపాలు. అందుకే నేను లైటు లేకుండా తడుముకుంటూ వెళ్లి మేత వేస్తాను. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. మా సీనియర్ వెళ్లిపోయే ముందు నాకు నోటితో చెప్పింది. కొత్తమ్మాయికి గదుల పని నేర్పమని మేడమ్ చెప్పింది నాకే.

నేర్పాను. తలుపులు, టైమర్లు, తాళాలు. లైటు సంగతి మర్చిపోయాను. అప్పుడు నిజంగానే మర్చిపోయాను.

ఈ రోజు గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చింది. అంతలో ఎలకపిల్ల, అక్కా, ఈ లైటుతో భలే సుఖంగా ఉంది, మీకూ ఒకటి తెప్పించనా అంది.

వద్దమ్మా, నాకు అలవాటు లేదు అన్నాను.

సెప్టెంబర్ 12
రేపు చెబుతాను.

సెప్టెంబర్ 19
చెప్పలేదు. చెబుదామనే బయల్దేరాను కూడా. దారిలో మీటింగు. ఎలకపిల్ల ప్రపోజల్‌ను మేడమ్ అందరి ముందూ చదివి వినిపించారు. తర్వాత నావైపు తిరిగి, నీది కూడా బాగానే ఉంది అన్నారు. కూడా! బాగానే! ఆరేళ్ల చాకిరీకి ఆ రెండు ముక్కలు.

ఇంటికొచ్చి మా ఆయన్ను అడిగాను, మీ ఆఫీసులో ఎవరైనా తెలియక తప్పు చేస్తుంటే నువ్వు చెబుతావా అని. ఎవరన్నదాన్ని బట్టి అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆ మనిషిని అడగడం నాదే బుద్ధి తక్కువ.

అక్టోబర్ 2
అమ్మకు కంటి ఆపరేషన్. వెళ్లాలి. మేత డబ్బాలు, నీళ్ల సీసాలు నిండుగా నింపాను. నేను తిరిగొచ్చేదాకా నా గదిలోకి ఎవరూ వెళ్లక్కర్లేదు.

బయల్దేరే ముందు ఎలకపిల్ల గది తలుపుకు చెవి ఆనించి విన్నాను. ఒకటే గోల. మగపిట్టలు ఆడపిట్టలను పిలిచే కూత అది, శీతాకాలంలో వినపడకూడదు. నాకు సంతోషమేసింది. రాసుకునేది నాకోసమే కదా, అబద్ధమెందుకు? చాలా సంతోషమేసింది.

అక్టోబర్ 8, ఆసుపత్రిలో
అమ్మ కంట్లో ఇన్‌ఫెక్షన్. ఇంకో రెండు వారాలు కదలడానికి లేదన్నాడు డాక్టరు. మేడమ్‌కు ఫోన్ చేసి, నా పిట్టలు మేడమ్, అన్నాను. అవి మేం చూసుకుంటాం, నువ్వు అమ్మను చూసుకో అని పెట్టేశారు. అటెండర్‌ను పంపుతారు కాబోలు. లైటు లేకుండా మేత వేసే నా పద్ధతి అతనికి అలవాటే.

ఎలకపిల్ల రోజూ మెసేజ్ పెడుతోంది, అమ్మగారికి ఎలా ఉందక్కా అని. చదివి వినిపిస్తే అమ్మ, ఎంత మంచిపిల్లే, నీకు తోడబుట్టిన చెల్లెలు లేని లోటు తీరింది అంది.

అవునమ్మా అన్నాను.

అక్టోబర్ 24
నా గది తలుపు తీసేసరికి లోపల సంతలా ఉంది. బూడిద రంగులో ఉండాల్సిన మగపిట్టల ముక్కులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అన్నీ పెళ్లికొడుకుల్లా తయారై కూర్చున్నాయి.

ఎలకపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. అక్కా, మీ పిట్టల్ని ఒక్కరోజు కూడా వదల్లేదు అంది. మేడమ్ అటెండర్‌ను పంపుతానంటే తనే వద్దందట. మీరు లేరని బెంగపెట్టుకుంటాయేమోనని రోజూ మధ్యాహ్నం కాసేపు వాటి దగ్గరే కూర్చున్నాను అక్కా, అంది. లైటు ఇంకా నుదుటి మీదే ఉంది.

థాంక్స్ అన్నాను. ఇంకేమనాలి?

అక్టోబర్ 27
ఎలకపిల్ల తనే కనిపెట్టింది. తన పిట్టలూ నా పిట్టలూ ఒకేలా చెడిపోయాయంటే రెండు గదులకూ ఉమ్మడిగా ఉన్నదేమిటని ఆలోచించిందట. పాత పేపర్లు తవ్వి తవ్వి చివరికి తన లైటు దగ్గరికే వచ్చింది. మేడమ్ గదిలో నా చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నావి పోతే పోయాయి, అక్క కష్టమంతా పాడుచేశాను అంది.

మేడమ్ నావైపు తిరిగారు. ఈ సంగతి ఆ అమ్మాయికి నువ్వు చెప్పలేదా అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే ఎలకపిల్ల అందుకుంది. అక్కకూ తెలియదు మేడమ్, తెలిస్తే నాకు చెప్పకుండా ఉంటుందా, అంది.

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. తెలుసంటే దుర్మార్గురాలిని. తెలియదంటే, ఆరేళ్లు పిట్టల గదిలో ఉండి మొదటి పాఠం రానిదాన్ని.

తెలియదు మేడమ్, అన్నాను.

మరి నువ్వెందుకు లైటు వాడవు అన్నారు. అలవాటు లేదన్నాను. మేడమ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నవంబర్ 5
ఎలకపిల్ల పేరు పంపారు. తన తప్పు తనే పట్టుకునే మనిషి కావాలి అక్కడ, అన్నారు మేడమ్. నీకు ఇంకేదైనా చూద్దాంలే అన్నారు.

మా ఆయన ఐస్‌క్రీం తెచ్చాడు. ఆయనకు ఒక్క చెంచా కూడా పెట్టలేదు.

నవంబర్ 9
మేడమ్ చెప్పారని ఎలకపిల్ల ఈ రోజు నాకు పాఠం చెప్పింది. బోర్డు మీద పిట్ట తల గీసి, ఎర్ర మార్కరుతో బాణాలు వేసి, కాంతి పుర్రెలోంచి మెదడుకు ఎలా చేరుతుందో వివరించింది. అర్థమవుతోందా అక్కా అని మధ్యమధ్యలో ఆగింది. అవుతోంది అన్నాను. నోట్సు రాసుకున్నాను.

బాగా చెబుతుంది.