లూయీ పిల్లలను ఎవరు సాదిన్రు?

19 ఆగస్టు 2001, ఆదివారం

టీచరు పోస్టు పరీక్షకని మేడ్చల్ బస్టాండు దగ్గర కొన్న గైడులో ఈరోజు ప్రపంచ చరిత్ర పూర్తయింది. నేను బిట్లు పైకి చదువుతుంటే అత్తమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింది. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ తల నరికిన సంవత్సరం 1793 అనగానే ఆమె చెయ్యి ఆగింది.

"రాజును సంపిన్రు సరే, గాయినకు పిల్లలున్నరా?"

"ఉన్నరనుకుంట అత్తమ్మా."

"మరి గా పిల్లలను ఎవరు సాదిన్రు?"

వాళ్లను ఎవరు పెంచారో అని గైడంతా తిరగేశాను, ఎక్కడా లేదు. అది పరీక్షలో రాదని కాస్త విసుగ్గానే చెప్పాను.

"రాకపోతే అడుగొద్దా ఏంది?" అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

ఉద్యోగమొస్తే ఏ మారుమూల ఊళ్లో వేస్తారో తెలియదు. మా చిన్నిగాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. వాణ్ణి వెంట తీసుకెళ్లాలా, ఇక్కడే వదలాలా అని నేను మా ఆయన్ని అడగలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు.

ఇందాక వాడు అత్తమ్మ పక్కనే నిద్రపోతే నా మంచం మీదికి తెచ్చుకుందామని వెళ్లాను. ఆమె కళ్లు తెరవకుండానే అంది:

"ఉండనియ్యి. ఇగ అలవాటు గావాలె గద వానికి."