గుడ్డ వెనక సీసం

మంజూ, రాగానే చారు వేడి చేసుకో, రాగిముద్ద డబ్బాలో ఉంది. తిన్నాకే గేమ్ తెరువు.

తూటాలు అయిపోయాయి. ఈసారి చీకటి పడగానే జాంబీల గుంపు మన కోట మీద పడుతుంది. నేను తవ్విన చోటల్లా ఇనుమూ బొగ్గూ తప్ప సీసం లేదు. సీసం లేకుండా తూటాలు చేయలేం. ముందు అది తవ్వుకురా. నాకు సెకండ్ షిఫ్ట్, చందాపుర బస్సు వచ్చేస్తుంది. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కోట నిలిచిందో లేదో తెలియక నాకక్కడ కాలు నిలవదు.

నిన్న దుకాణం నుంచి ఆడుతూ, "సీసం గుడ్డ వెనక ఉండాది, ఆడుంటా, రా" అని మెసేజ్ పెట్టావు. మా తాడిపత్రిలో గుడ్డ అంటే బట్ట. షిఫ్టుల వల్ల మొగుడూ పెళ్లాలం ఇంట్లో ఎలాగూ తీరిగ్గా కలవం, గేమ్‌లోనైనా కలుద్దామని గుడారం గుడ్డ వెనక నిలబడ్డాను. నువ్వు రాలేదు, జాంబీలు వచ్చి చంపేశాయి. పొద్దున నీతో మాట్లాడనిది అందుకే.

ఇందాక అత్తమ్మకు చెబితే ఒకటే నవ్వు. "గుట్టనే మేము గుడ్డ అంటామమ్మా" అంది.

పల్లవి

మరి నిన్న నువ్వు ఆ గుట్ట వెనక నాకోసం ఎంతసేపు నిలబడ్డావు? ఇదే చీటీ వెనక రాసిపెట్టు.