పది నుంచి పన్నెండు దాకా నిరాహార దీక్ష

నాన్నా, ఆఫీసు బస్సు వచ్చే టైమైంది. జర ఈ చీటి మొత్తం చదువు.

క్యాన్సరని నీ పొట్టల ముప్పావు వంతు కోసి తీసేసిన డాక్టరు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినమన్నడు. నువ్వేమో నిన్న పోయి ఖాజాగూడ చౌరస్తల రిలే నిరాహార దీక్షకు పేరిచ్చొచ్చినవ్! ఇగ ఏం జేస్త, టెంటు చూసుకునే అంజయ్య కాకతోని ఫోన్ల మాట్లాడిన. నీ వంతు పది నుంచి పన్నెండు దాకనే. పదింటికి ముందు ఒక ఇడ్లీ తిని పో. పన్నెండుకు దీక్ష విరమించి, ఇంటికొచ్చి పెరుగన్నం తిను. విరమణకు వాళ్లిచ్చే నిమ్మరసం నీకు పడదు, పల్చటి మజ్జిగ ఇయ్యమన్న.

కాక ఏమన్నడో తెలుసా? "మీ నాయిననే ముందట కూసోవెడ్తం బిడ్డా. సూస్తె పది దినాల సంది తిననట్టే ఉన్నడు." నవ్వాపుకోలేకపోయిన. ఫోన్ పెట్టేసినంక ఏడుపొచ్చింది.

హర్షిణి

చోటు లేదు, మూలకు రాస్తున్న: ఆపరేషన్ అయినప్పటి సంది నువ్వు మంచినీళ్లు గూడ సైగ చేసే అడిగినవ్. నిన్న టెంటుకాడ "జై తెలంగాణ" అని నువ్వు అరిచింది మన వంటింట్లకు ఇనవడ్డది. ఇయ్యాల గూడ అట్లనే అరువు. దగ్గేటప్పుడు పట్టుకునే దిండు తీస్కపోయి, కుట్ల మీద అదిమి పట్టుకొని అరువు.